మార్కస్ పేజ్ షాట్‌ని లెక్కలోకి తీసుకోవాల్సిందే, బావా

సంక్రాంతికి మా అక్కా బావా అమెరికాలో నార్త్ కరోలినాలోని క్యారీ నుంచి వచ్చి వెళ్లి పది రోజులైంది. సకినాల డబ్బా అడుగంటింది. సికింద్రాబాద్‌లో ఇరానీ హోటల్ బల్ల దగ్గర మొదలైన గొడవ మాత్రం నా బుర్రలోంచి పోవడం లేదు. ఆ రోజు నలుగురం ఒకేసారి మాట్లాడుతుంటే నేను చెప్పాలనుకున్నది సగం కూడా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. బావ ఎలాగూ చదువుతాడు.

గొడవ ఇదీ. నార్త్ కరోలినా యూనివర్సిటీ, అంటే మా చాపెల్ హిల్ బాస్కెట్‌బాల్ టీమ్ చరిత్రలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు పడ్డ షాట్లలో అన్నిటికన్నా గొప్పది ఏది?

నేను 2008 నుంచి 2010 దాకా అక్కడ బయోస్టాటిస్టిక్స్ చదివాను. 2009 ఏప్రిల్‌లో కాలేజీల జాతీయ టైటిల్ గెలిచిన రాత్రి చాపెల్ హిల్ ఫ్రాంక్లిన్ స్ట్రీట్‌లో ఆ జనం మధ్య నేనూ ఉన్నాను. ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్లు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. విచిత్రం ఏంటంటే, నేను దగ్గరుండి చూసిన ఆ టైటిల్లో చివరి క్షణం షాట్ ఒక్కటీ లేదు. టోర్నమెంట్‌లో ఆరు మ్యాచ్‌లూ 12 పాయింట్లకు తగ్గకుండా గెలిచారు. ఫైనల్లో మిషిగన్ స్టేట్ మీద సగం ఆటకే 55-34. నేను చూసినవాటిలో గుండె దడదడలాడిన మ్యాచ్‌లన్నీ హైదరాబాద్ తిరిగొచ్చాక జరిగినవే. వాటిలో చాలావరకు తెల్లవారుజామున లేచి, ఇంట్లో వాళ్ల నిద్ర చెడకుండా చిన్న గదిలో కూర్చుని చూశాను.

హోటల్లో మొదట బావే అందుకున్నాడు. ఆయన ఓటు ఎప్పుడూ 1974 మార్చి 2కే. మా పక్కూరి ప్రత్యర్థి డ్యూక్ యూనివర్సిటీతో మ్యాచ్, 17 సెకన్లు మిగిలున్నాయి, 8 పాయింట్లు వెనక. అప్పట్లో కాలేజీ బాస్కెట్‌బాల్లో త్రీ పాయింట్ గీత (దాని బయట నుంచి వేస్తే మూడు పాయింట్లు) లేదు, అది 1986లో వచ్చింది. అంటే ఎంత దూరం నుంచి వేసినా రెండే. ఒక్కొక్కటిగా లాక్కొచ్చారు. ఫౌల్‌కి దొరికిన బాబీ జోన్స్ ఫ్రీ త్రోలు, డ్యూక్ వాళ్లు బంతి లోపలికి వేస్తుంటే కొట్టేయడం, డ్యూక్ ఫ్రీ త్రో తప్పిపోవడం. చివరికి మూడు సెకన్లలో వాల్టర్ డేవిస్, ఇంకా ఫస్ట్ ఇయర్ కుర్రాడు, దాదాపు 30 అడుగుల నుంచి విసిరాడు. బోర్డుకి తగిలి లోపల పడింది. 86-86. ఓవర్‌టైమ్‌లో, అంటే అదనపు సమయంలో, 96-92 గెలిచారు.

బావ దీన్ని చూసినట్టే చెప్తాడు. క్యారీలో ఆయన మొదటి మేనేజర్ ఆ రోజు కార్మైకేల్ హాల్లో స్టూడెంట్‌గా ఉన్నాడట. ఇక అయిపోయిందని గేటు దాకా వెళ్లి, అరుపులు విని వెనక్కి పరిగెత్తాడట. 2023 నవంబరులో డేవిస్ పోయినప్పుడు బావ నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అందుకే ఆ షాట్ గురించి ఆయన దగ్గర తేలిగ్గా మాట్లాడను.

మా చిన్నాన్న కొడుకుది వేరే పాట. "అన్నా, కేలెబ్ లవ్ తర్వాతే ఎవరైనా." 2022 సెమీఫైనల్, న్యూ ఆర్లీన్స్. కాలేజీల జాతీయ టోర్నమెంట్ ఎన్‌సీఏఏలో కరోలినా, డ్యూక్ ఎదురుపడటం అదే మొదటిసారి. ఆ సీజన్‌తో రిటైరవుతున్న డ్యూక్ కోచ్ మైక్ షెషెవ్‌స్కీకి ఓడితే అదే చివరి మ్యాచ్. మన దగ్గర అది ఉగాది మర్నాడు, ఆదివారం పొద్దున. హాల్లో లాప్‌టాప్ పెట్టుకుని ముందురోజు మిగిలిన భక్ష్యాలు తింటూ చూశాం. ఒక్క పాయింట్ ఆధిక్యం, 25 సెకన్లు. ఎదురుగా మార్క్ విలియమ్స్ అంత పొడగరి చేతులు చాచి నిలబడితే లవ్ ఆయన మీంచే త్రీ వేసేశాడు. 81-77 గెలిచాం. కరోలినా కోచ్‌గా హ్యూబర్ట్ డేవిస్‌కి అది మొదటి సీజన్. ఆయన ఎవరనుకున్నారు? వాల్టర్ డేవిస్‌కి స్వయానా అన్న కొడుకు. బావకి ఆ ముక్క ఇష్టం, దాన్ని తన వాదనలోకి లాక్కుంటాడు.

నా పాత రూమ్మేట్ ఓటు ల్యూక్ మే షాట్‌కి. 2017, కెంటకీ మీద, 0.3 సెకన్లు ఉండగా. మన టైమ్‌లో తెల్లవారుతుండగా అయిపోయిన మ్యాచ్ అది. కెంటకీ ఆటగాడు మాలిక్ మంక్ త్రీ వేసి 73-73 చేశాడు. కరోలినా టైమౌట్ కూడా అడగలేదు. థియో పిన్సన్ బంతి పట్టుకుని కోర్టంతా దూసుకెళ్లి మే చేతికిచ్చాడు. మర్నాడు పొద్దున ఎనిమిది గంటల క్లాసుకి మే మామూలుగా వెళ్లి కూర్చున్నాడు, క్లాసంతా లేచి చప్పట్లు కొట్టింది. వారానికి టైటిల్ కూడా వచ్చింది. అన్నీ నిజమే. కానీ స్కోర్ అప్పటికే సమానంగా ఉంది కదా? అది తప్పినా ఓవర్‌టైమ్ ఉండేది. ఇంకో అవకాశం చేతిలో ఉన్నప్పుడు వేసిన షాట్ వేరు.

ఇక నాది. 2016 ఏప్రిల్ 4, హ్యూస్టన్, విలనోవాతో ఫైనల్. ఇక్కడ మంగళవారం పొద్దున. మ్యాచ్ మొదటి సగం ఇంట్లో చూసి, మిగతాది ఆఫీస్ క్యాబ్‌లో ఫోన్ మీద చూస్తున్నాను. నల్లకుంట నుంచి హైటెక్ సిటీకి. మెట్రో పిల్లర్ల పనితో పంజాగుట్ట దగ్గర బండి అంగుళం కదలడం లేదు. నిమిషాల క్రితం పది పాయింట్లు వెనకబడిన టీమ్ మూడు పాయింట్ల దాకా వచ్చింది. 71-74. బంతి మార్కస్ పేజ్ చేతికొచ్చింది. ఎడమచేతి వాటం, నాలుగేళ్లు ఆ జెర్సీ వేసుకున్నవాడు, కాలేజీ ఆటగాడిగా అతనికి అదే ఆఖరి మ్యాచ్. పైకి లేచాడు. డిఫెండర్ మీదికి ఎగిరాడు. పేజ్ గాల్లోనే బంతిని కిందికి లాక్కున్నాడు, కాళ్లు రెండూ చెరోపక్కకి పోయాయి.

సరిగ్గా అక్కడ ఫోన్ ఆగిపోయింది.

తెర మధ్యలో చక్రం తిరుగుతోంది, దాని వెనక గాల్లో పేజ్. ఆ బొమ్మని ఎంతసేపు చూశానో చెప్పలేను. మనిషి పడిపోతున్నట్టే ఉన్నాడు, బంతి ఇంకా ఛాతీ దగ్గరే ఉంది. ఇది పడదు అనుకున్నాను. బొమ్మ కదిలింది. దిగుతూ దిగుతూ మళ్లీ చేతులు లేపి వదిలాడు. పడింది. 74-74. 4.7 సెకన్లు. నేను అరిచిన అరుపుకి ముందు సీట్లో అమ్మాయి చేతిలో టిఫిన్ డబ్బా కింద పడింది, డ్రైవర్ వెనక్కి తిరిగి "ఏమైంది సార్?" అన్నాడు.

టైమౌట్. ఆ షాట్‌నే మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు. నా ఫోన్లో బొమ్మ అసలు ఆటకన్నా అర నిమిషం పైగా వెనక నడుస్తోంది. విలనోవా వాళ్లు బంతి లోపలికి వేయబోతుండగా అప్పట్లో నార్త్ కరోలినాలోని రాలీలో ఉన్న రూమ్మేట్ నుంచి మెసేజ్ వచ్చింది: "వద్దు రా, చూడకు." చూశాను. ఆర్సిడియాకోనో బంతి పైకి తీసుకొచ్చి వెనక్కి అందించాడు, క్రిస్ జెంకిన్స్ బజర్‌తోపాటు త్రీ వేశాడు. 77-74. ఆ జెంకిన్స్‌ని పెంచింది కరోలినాలోనే ఆడుతున్న నేట్ బ్రిట్ కుటుంబం. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఏదోలా ఉంటుంది.

హోటల్లో ఇదంతా చెప్తే బావ చాయ్ సాసర్లో పోసుకుంటూ, "ఓడిపోయిన మ్యాచ్‌లో షాట్‌కి గుడి కడతావా రా బామ్మర్దీ?" అన్నాడు. మిగతా ఇద్దరూ ఆయన పక్షమే.

నా జవాబు ఇది. నేను చేసేది క్లినికల్ ట్రయల్స్ డేటా పని. ట్రయల్ మొదలయ్యేలోపే దేన్ని కొలుస్తామో, ఎప్పుడు కొలుస్తామో కాగితం మీద పెట్టేస్తాం. ఫలితం చూశాక కొలబద్ద మారిస్తే ఆ ట్రయల్‌ని ఎవరూ నమ్మరు. షాట్‌నీ అలాగే చూడాలి. చేతిలోంచి బంతి వదిలే క్షణానికి ఏం పణంగా ఉంది, ఎంత కష్టం మీద వదిలాడు, పడిందా లేదా. అంతే. తర్వాత ఇంకొకడు ఏం చేశాడన్నది ఇతని ఖాతాలో ఎందుకు రాయాలి?

మైకేల్ జోర్డాన్ షాట్‌నే తీసుకోండి. ఎవరూ కాదనలేనిది. 1982 ఫైనల్, జార్జ్‌టౌన్ మీద, ఎడమవైపు నుంచి. ఫస్ట్ ఇయర్ కుర్రాడు. 63-62, కరోలినా కోచ్ డీన్ స్మిత్‌కి మొదటి టైటిల్. కానీ ఆ షాట్ పడ్డాక ఆట అయిపోలేదు. ఇంకో 15, 17 సెకన్లు ఉంది, బంతి జార్జ్‌టౌన్ చేతిలో ఉంది. వాళ్లకి ఒక్క బాస్కెట్ చాలు. అప్పుడు ఫ్రెడ్ బ్రౌన్ తన టీమ్ వాడే అనుకుని బంతిని నేరుగా మన జేమ్స్ వర్తీ చేతికి వేశాడు. ఆ ఒక్క పొరపాటు జరగకుండా, జార్జ్‌టౌన్ వాళ్లు ఇంకో బాస్కెట్ వేసి ఉంటే? జోర్డాన్ షాట్ అంతే అందంగా ఉండేది, మనం దాన్ని ఇవాళ ఇలా తలుచుకునేవాళ్లం మాత్రం కాదు. జోర్డాన్‌కి బ్రౌన్ దొరికాడు, పేజ్‌కి జెంకిన్స్ దొరికాడు. పేజ్ ఆ షాట్ వేసిన రాత్రి జోర్డాన్ కూడా హ్యూస్టన్‌లో స్టాండ్స్‌లోనే ఉన్నాడు.

తమ్ముడికి చెప్పింది ఇంకోటుంది. కేలెబ్ లవ్ షాట్ తర్వాత రెండు రోజులకి ఫైనల్లో కాన్సస్ చేతిలో 72-69 ఓడిపోయాం, సగం ఆటకి 15 పాయింట్లు ముందుండి కూడా. అయినా ఆ షాట్ నీకు గొప్పదే. అంటే ఓటమి రెండు రోజుల తర్వాత వస్తే పర్వాలేదు, 4.7 సెకన్ల తర్వాత వస్తే షాట్ చెల్లదు. మరి ఎంత గడువుంటే చెల్లుతుంది? వాడి దగ్గర జవాబు లేదు.

బావ దగ్గర ఉంది. "4.7 సెకన్లు వాళ్లకి వదిలిపెట్టడం కూడా ఆ షాట్‌లో భాగమే కదరా. డేవిస్ వదల్లేదు." నిజమే, ఇది బలమైన మాట. మూడు పాయింట్లు వెనకున్నవాడు గడియారం చూస్తూ కూర్చోలేడని నేనన్నాను, అన్నాను గానీ దాంతో నాకే పూర్తిగా తృప్తి కలగలేదు.

మర్నాడు పొద్దున్నే చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్‌కి వెళ్లాం. తమ్ముడు ఆడేది అక్కడే, బాల్ వాడిదే. ముందు డేవిస్ షాట్. త్రీ పాయింట్ గీత నుంచి ఇంకో మూడు పెద్ద అంగలు వెనక్కి వేసి నిలబడ్డాం. బావ పది సార్లు విసిరితే రెండే బోర్డుదాకా వెళ్లాయి. నేను విసిరాను, రిమ్ కింద పడింది. అక్కడి నుంచి చూస్తే రింగ్ చేతి గాజంత ఉంది. వీడియోలో ఎన్నిసార్లు చూసినా ఆ దూరం నాకు అర్థం కాలేదు, అక్కడ నిలబడితే అర్థమైంది.

తర్వాత పేజ్‌ది. నేను లేచి, బంతి దింపి, మళ్లీ ఎత్తేలోపే కాళ్లు నేల మీదున్నాయి. ఎన్నిసార్లు చేసినా అంతే. ఇరవై ఆరేళ్ల తమ్ముడు గాల్లో ఉండగా వదలగలిగాడు, కానీ బంతి సగం దూరంలోనే వాలిపోయింది. పైకి లేచేటప్పుడు కాళ్ల నుంచి వచ్చే ఊపంతా బంతిని దింపిన క్షణంలోనే పోతుంది. ఇక మిగిలేది మణికట్టు, మోచేయి. వాటితోనే త్రీ పాయింట్ దూరం పంపాలి, గురి కూడా తప్పకూడదు. పదిహేనో ప్రయత్నమో ఏమో, తమ్ముడిది రిమ్‌కి తగిలి బయటపడింది. పక్క కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్న పిల్లలు ఆగి చూస్తున్నారు. బావ బాల్ తీసుకుని తనూ ఒకసారి లేచాడు. దిగి, మోకాలు పట్టుకుని, "దిగేటప్పుడు బాల్‌కి బలం ఎక్కడ్నుంచి వచ్చిందిరా వాడికి?" అన్నాడు. ఇంటికొచ్చేదాకా మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వెళ్లేరోజు రాత్రి శంషాబాద్‌లో నేనే దింపాను. అక్క పాస్‌పోర్టులు సరిచూసుకుంటోంది. పచ్చళ్ల పెట్టె ట్రాలీ మీద అడ్డంగా పెట్టి తోసుకుంటూ బావ గేటు దగ్గర ఆగాడు. "డేవిస్ తర్వాత పేజ్. రెండో స్థానం ఇస్తున్నా, తీసుకో" అన్నాడు.

తీసుకోలేదు బావా. ఉగాదికి ఫోన్ చేస్తాను.