యుద్ధం మధ్యలో కూడా వైన్ ఆపని కుటుంబం: లెబనాన్ షాటో ముసార్

లెబనాన్‌లో వైన్ చేసే షాటో ముసార్ పేరెత్తితే అందరూ ముందు యుద్ధం కథే చెప్తారు. అది చెప్పుకోవాల్సిన కథే, కాదనను, కానీ నన్ను కట్టిపడేసింది మాత్రం వాళ్ళు వైన్ చేసే పద్ధతి. ఏ ఏడాది పంట ఎలా వస్తే వైన్ అలాగే ఉండనిస్తారు, దాని మెడలు వంచి పోయినేడాది రుచిలోకి తీసుకురారు.

1930లో, లెబనాన్ ఇంకా ఫ్రెంచ్ వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు, గాస్టన్ హోషర్ దీన్ని మొదలుపెట్టాడు, అప్పటికి ఆయనకి ఇరవయ్యేళ్ళు. తోటలేమో బెకా లోయలో, సముద్ర మట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున. వైన్ చేసే చోటు మాత్రం కొండలకి ఇవతల, సముద్రం వైపు, బీరూట్‌కి ఉత్తరాన ఉన్న ఘజీర్‌లో, ఒక పాత కోటలో. అప్పట్లో బెకా చివరికి లెబనాన్‌లో ఉంటుందో సిరియాలోకి పోతుందో తేలక అలా విడివిడిగా పెట్టాడని చెప్తారు. అంటే కోసిన ప్రతి పండూ కొండ దాటి రావాల్సిందే. మామూలు రోజుల్లో అది కొన్ని గంటల ప్రయాణం, అంతే. 1975లో అంతర్యుద్ధం మొదలయ్యాక అదే దారి ప్రాణసంకటం అయిపోయింది.

అప్పటికి పగ్గాలు పెద్దకొడుకు సెర్జ్ చేతిలో ఉన్నాయి, ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ చదువు చదివి 1959లో పని చేతికి తీసుకున్నాడు, వ్యాపారం సంగతులు తమ్ముడు రోనాల్డ్ చూసుకునేవాడు. 15 ఏళ్ళు సాగింది ఆ యుద్ధం. 1976లో అసలు వైన్ తీయడం కుదరలేదు. 1984లో అయితే దారులన్నీ మూసేసి, ద్రాక్ష లారీలు చుట్టూ తిరిగి తిరిగి రోజుల తరబడి రోడ్డు మీదే ఉండిపోయాయి, ఎండకి గుత్తులు నలిగి, ఘజీర్ చేరేలోపే రసం లారీల్లోనే పులియడం మొదలైపోయింది. అయినా సెర్జ్ దాన్ని పారబోయలేదు, వైన్ చేసి పక్కన పెట్టాడు. అదే 1984లో ఇంగ్లండ్‌లోని డికాంటర్ అనే వైన్ పత్రిక తన మొట్టమొదటి మ్యాన్ ఆఫ్ ద ఇయర్‌గా ఆయన్నే ఎంచుకుంది. అంతకుముందే, దేశంలో కొనేవాళ్ళు లేకుండా పోయినప్పుడు ఆయన సీసాలు పట్టుకుని ఇంగ్లండ్ వెళ్ళాడు, 1979లో బ్రిస్టల్ వైన్ ఫెయిర్‌లో క్రిస్టీస్ వేలం సంస్థకి చెందిన మైకేల్ బ్రాడ్‌బెంట్ రుచి చూసి తెగ మెచ్చుకున్నాకే ముసార్ పేరు బయటి ప్రపంచానికి తెలిసింది.

ఇక పద్ధతి. రెడ్ వైన్‌లోకి కాబర్నే సావిన్యోన్, సాన్సో, కారిన్యాన్ అనే ద్రాక్ష రకాలు, మూడూ విడివిడిగా సిమెంట్ తొట్లలో పులుస్తాయి. ఈస్ట్ ప్యాకెట్ కొని వేయరు, పండు తొక్క మీద ఉన్నదే పని చేయాలి. ఒక ఏడాది ఫ్రెంచ్ ఓక్ పీపాల్లో ఉంచుతారు, మూడో ఏడు వచ్చాకే మూడింటినీ కలుపుతారు, తర్వాత సీసాల్లో పోసి ఇంకో నాలుగేళ్ళు సెల్లార్లో పడుకోబెడతారు. మొత్తం ఏడేళ్ళు! పంట కోసిన ఏడేళ్ళకి గానీ డబ్బు చేతికి రాని వ్యాపారం, అదీ పక్కన బాంబులు పడుతున్నప్పుడు, ఎంత గుండె నిబ్బరం ఉండాలో ఆలోచించండి. వైట్‌లోకి అయితే ఒబైదే, మెర్వా అని అక్కడి నేల మీద పుట్టిన పాత రకాలే వాడతారు. 2006లో తోటలకి ఆర్గానిక్ సర్టిఫికెట్ కూడా వచ్చింది, లెబనాన్‌లో వైన్ తోటల్లో అదే మొదటిది.

ఫిల్టర్ చేయరు కాబట్టి సీసా అడుగున మడ్డి ఉంటుంది. ఒంపితే రంగు నల్లెరుపు కాదు, ఇటుక రంగు, అంచుల్లో కాస్త నారింజ. వాసన ఎండబెట్టిన అంజీర్, దాల్చినచెక్క, తోలు, ఆ వెనకే ముక్కుకి సన్నగా తగిలే పులుపు. ఆ పులుపుని లోపం అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆ పదునే లేకపోతే అన్నేళ్ళ వైన్ నాలుక మీద చప్పగా పడుకుంటుంది. రుచి ఏడాదికోలా ఉంటుందనే ఫిర్యాదు కూడా వింటుంటా, వానలు, ఎండలు మారుతుంటే వైన్ ఎందుకు మారకూడదు అసలు?

సెర్జ్ 2014 డిసెంబర్ 31న మెక్సికోలోని అకపుల్కోలో ఈతకి వెళ్ళి చనిపోయాడు. ఇప్పుడు కొడుకులు గాస్టన్, మార్క్ నడుపుతున్నారు, తాత పేరే పెద్దమనవడికి.

ఎవరికైనా దొరికితే సీసాని ముందురోజే నిలబెట్టి పెట్టండి, మడ్డి కిందికి దిగుతుంది. పాతదైతే కార్క్ పొడిపొడి అవుతుంది, నెమ్మదిగా లాగాలి. మెల్లగా వేరే పాత్రలోకి ఒంపి కొన్ని గంటలు గాలి తగలనివ్వండి. వైట్‌ని మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగకండి, చల్లదనం పోయాకే దాని రుచి బయటికొస్తుంది, సెర్జ్ అయితే దాన్ని రెడ్ అయ్యాకే పోసేవాడు. ధర ఎక్కువ అనిపిస్తే వాళ్ళదే ముసార్ జ్యూన్ అని లేత వైన్ ఒకటుంది, పీపాల్లో పెట్టనిది, దాంతో మొదలుపెట్టొచ్చు.