200 మీటర్ల వాచీని 11 మీటర్ల లోతుకి సిద్ధం చేయడం: నా అనుభవం

వాచీ డయల్ మీద 200 మీటర్లు అని ఉంది. విశాఖ దగ్గర రుషికొండ సముద్రంలో, వీపున గాలి ట్యాంకుతో చేసే స్కూబా డైవింగ్‌కి నేను దిగబోయేది 11 మీటర్లు. లెక్క చూస్తే దిగులు పడాల్సిన పనే లేదు. కానీ ఆ అంకె వాచీ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజుది. ఆ తర్వాత బరంపురం పెద్ద బజార్లో ఒక షాపులో బ్యాటరీ మార్పించాను. ఒకసారి వెనక మూత తెరిచాక, మళ్లీ పరీక్ష చేయించేదాకా ఆ అంకెను నమ్మకూడదు. గోపాలపూర్ అలల్లో కాళ్లు తడుపుకోవడానికైతే పట్టించుకోనక్కర్లేదు. ట్యాంకు కట్టుకుని దిగాలంటే మాత్రం పట్టించుకుని తీరాలి.

ముందు అంకెల సంగతి. 30 మీటర్లు అని రాసి ఉంటే చేతులు కడిగేటప్పుడు పడే తుంపర్లకే పనికొస్తుంది. 50 ఉంటే మామూలు ఈతకి, 100 ఉంటే ఈతకి, స్నార్కెలింగ్‌కి (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైభాగంలో ఈదడానికి) సరిపోతుంది. స్కూబాకి 200 మీటర్లు, స్క్రూలాగా తిప్పితే బిగుసుకునే కీ ఉండాలి. ‘డైవర్స్’ అన్న మాట, డైవింగ్ వాచీలకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6425 ఉంటే మరీ మంచిది. ఆ ప్రమాణం ప్రకారం రాసిన లోతు మీద ఇంకో 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షించాలి, చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనబడాలి. చెయ్యి ఊపితే నీళ్ల ఒత్తిడి రెట్టింపవుతుందని, అందుకే ఇంత పెద్ద అంకె కావాలని చాలామంది చెప్తారు. అది నిజం కాదు. సెకనుకి మూడు మీటర్ల వేగంతో చెయ్యి ఊపినా పెరిగే ఒత్తిడి అర మీటరు లోతుకి సమానం, అంతే. అసలు కారణం రబ్బరు. రబ్బరు ముసలిదవుతుంది కాబట్టే అంత వెసులుబాటు కావాలి.

వాచీలో నీళ్లు ఆపే రబ్బరు మూడు చోట్ల ఉంటుంది: వెనక మూత కింద, కీ లోపల, అద్దం చుట్టూ. నా వాచీ మూత తెరిపించి చూస్తే మూత కింది గ్యాస్కెట్ (అంటే ఆ రబ్బరు రింగు) గుండ్రంగా లేదు. ఒక పక్క అరిగి బల్లపరుపుగా అయింది, ఇంకో పక్క దాని మీద సన్నటి బట్ట పోగు ఒకటి అడ్డంగా అతుక్కుని ఉంది. భూతద్దం పెడితే గానీ కనబడలేదు. నీళ్లకి ఆ పోగు చాలు, దాని వెంటే దారి చేసుకుని లోపలికొస్తాయి. బ్యాటరీ మార్చినప్పుడు పాత గ్యాస్కెట్‌నే తుడవకుండా, గ్రీజు పెట్టకుండా బిగించేశారన్నమాట. అదే వ్యాసం, అదే మందం ఉన్న కొత్త నైట్రైల్ రబ్బరు రింగు వేయించాను. సిలికాన్ గ్రీజు రబ్బరు మీద మెరుపు కనబడేంత పూస్తే చాలు. ముద్దలుగా పూస్తే దుమ్ము పట్టుకుంటుంది. మూతకి నాలుగు స్క్రూలుంటే ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే మూత ఒక పక్కకి ఒరుగుతుంది.

బజార్లో నేను అడిగిన షాపుల్లో ప్రెషర్ మిషను లేదు, విశాఖలో సర్వీసు సెంటర్లో చేయించాను. గాలి ఒత్తిడి పెట్టి కేసు ఎంత నొక్కుకుపోతుందో కొలిచే పద్ధతి అది. లోపలికి గాలి దూరితే కేసు నొక్కుకోదు, అంటే లీకు ఉన్నట్టు. నీళ్లు తగలవు కాబట్టి ఫెయిలైనా వాచీ పాడవదు. ఇంట్లో చేసుకునే పరీక్ష కూడా ఒకటుంది. వాచీని 40 నుంచి 45 డిగ్రీల వేడిమీద పది పదిహేను నిమిషాలు ఉంచి, అద్దం మీద చల్లటి నీటి చుక్క వేసి, నిమిషం తర్వాత తుడవాలి. అద్దం లోపల ఆవిరి మచ్చ కనబడితే లోపల అప్పటికే తేమ ఉంది. ఆ వాచీని సముద్రంలోకి తీసుకెళ్లకూడదు. అయితే తేమ లేనంత మాత్రాన లీకు లేదని కాదు. దిగే ముందు ప్రెషర్ టెస్టుకి బదులు ఇది పనికిరాదు, దిగొచ్చాక మాత్రం చాలా ఉపయోగం.

బెల్టు దగ్గర కూడా తప్పులు జరుగుతాయి. తోలు బెల్టు పనికిరాదు. నేను గుడ్డ నైలాన్ బెల్టు వేశాను. అది ఒకే ముక్క, రెండు పిన్నుల కిందుగా దూరి పోతుంది. ఒక పిన్ను ఊడినా వాచీ ఇంకో పిన్నుకి వేలాడుతుంది తప్ప సముద్రంలో పడిపోదు. 3 మిల్లీమీటర్ల మందం వెట్‌సూట్ (డైవింగ్‌కి వేసుకునే రబ్బరు సూటు) మీద కట్టుకుంటే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపవుతుంది, సూట్‌లో ఉన్న గాలి బుడగలు నలిగి సూటు పల్చబడుతుంది. పడవ మీద సరిగ్గా ఉన్న బెల్టు కింద వదులైపోయి వాచీ మణికట్టు చుట్టూ తిరుగుతుంది. అందుకని ఒక బెజ్జం బిగువుగా కట్టుకున్నాను.

పడవలో కీని చూసుకోవడం ఆఖరి పని. మొదట వెనక్కి తిప్పాలి, మర గాడిలో పడినట్టు చిన్న కుదుపు వేలికి తెలుస్తుంది, అప్పుడు ముందుకి బిగించాలి. నేరుగా బిగిస్తే మర అడ్డంగా ఎక్కి అరిగిపోతుంది. నీళ్లలో కీని, స్టాప్‌వాచ్ బొత్తాల్ని ముట్టుకోకూడదు. పడవ మీద ఎండలో వాచీని కాలనివ్వకండి. వేడెక్కిన వాచీ ఒక్కసారిగా నీళ్లలోకి వెళ్తే లోపలి గాలి ముడుచుకుని బయటి తేమని లాక్కుంటుంది.

దిగడం మొదలెట్టగానే బెజెల్ (అద్దం చుట్టూ తిరిగే నిమిషాల రింగు) మీది త్రికోణాన్ని నిమిషాల ముల్లుకి ఎదురుగా పెట్టాను. బెజెల్ ఎడమవైపుకే తిరుగుతుంది. కావాలనే అలా చేశారు: ఏదైనా తగిలి జరిగినా గడిచిన సమయం ఎక్కువ చూపిస్తుందే గానీ తక్కువ చూపించదు, మనిషి తొందరగా పైకొస్తాడు. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ పట్టికలో, మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సిన పని లేకుండా పైకి రావాలంటే ఆ లోతులో గడపగల గరిష్ఠ సమయం 12 మీటర్లకి 147 నిమిషాలు, 18కి 56, 30కి 20. పదకొండు మీటర్లలో ఈ హద్దుకంటే ముందు ట్యాంకులో గాలే అయిపోతుంది. పైకొస్తూ జాగ్రత్త కోసం 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగినప్పుడు బెజెల్‌ని మళ్లీ తిప్పకండి, మొత్తం సమయం పోతుంది. సెకన్ల ముల్లు మూడు చుట్లు తిరిగేదాకా చూస్తే సరిపోతుంది. లోతులో ఎరుపు రంగు అన్నిటికంటే ముందు చచ్చిపోతుంది, నా వాచీ ఎర్ర సెకన్ల ముల్లు అక్కడ బూడిద రంగులో కనబడింది. తెల్ల ముల్లున్న డయలే మేలు. ఎంత మంచి వాచీ అయినా లోతు చెప్పదు, లోతు, సమయం చూపించే డైవ్ కంప్యూటర్‌కి తోడుగానే పెట్టుకోవాలి.

పైకొచ్చాక కీ బిగించి ఉందని చూసుకుని వాచీని మంచినీళ్ల బకెట్లో అరగంట నానబెట్టాను. నానుతుండగా బెజెల్‌ని రెండు మూడు చుట్లు తిప్పితే దాని కింద చేరిన ఉప్పు, ఇసుక వదులుతాయి. అలా చేయకపోతే ఉప్పు గడ్డకట్టి బెజెల్ బిగుసుకుపోతుంది. వేడినీళ్ల స్నానంలో సబ్బుతో కడగకండి, వేడికి గ్యాస్కెట్ పాడవుతుంది. ఇంటికొచ్చాక చల్లటి చుక్క పరీక్ష మళ్లీ చేశాను, మచ్చ రాలేదు. ఒకవేళ వచ్చి ఉంటే బియ్యం డబ్బాలో పెట్టేవాణ్ణి కాదు, అదే రోజు మూత తెరిపించేవాణ్ణి. ఉప్పునీరు రెండు మూడు రోజుల్లోనే వాచీ లోపలి మిషన్‌ని తుప్పు పట్టిస్తుంది. బెల్టు పిన్నులు రెండూ ఊడదీసి చూస్తే ఒకదాని చివర సన్నటి తుప్పు గీత ఉంది. రెండూ మార్చేశాను.