నాలుగు ధ్రువాలనూ కూడి నేను తెచ్చుకున్న సున్నా

శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ గణితం చదువుతూ ఆమదాలవలస నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చే రోజుల్లో, కాంటూర్ సమాకలనం (సంకీర్ణ సంఖ్యల తలంలో ఒక మూసిన దారి వెంట చేసే సమాకలనం) అంటే ధ్రువాల దగ్గర, అంటే హారం సున్నా అయ్యే బిందువుల దగ్గర, అవశేషాలు, అంటే మేమనే రెసిడ్యూలు (ఒక్కో ధ్రువం వాటాను తేల్చే సంఖ్యలు), కనుక్కుని కూడి, ఆ మొత్తాన్ని రెండు పై ఐతో (2πi) గుణించడమేనని నేను నమ్మేదాన్ని.

లవంలో ఒకటి, హారంలో ఎక్స్ నాలుగో ఘాతానికి ఒకటి కలిపిన ప్రమేయాన్ని రుణ అనంతం నుంచి ధన అనంతం వరకు సమాకలనం చేయమన్నారు. హారం సున్నా అయ్యే బిందువులు నాలుగు, ఏకాంక వృత్తం మీద 45, 135, 225, 315 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఒక్కొక్క ధ్రువం దగ్గర అవశేషం ఆ ధ్రువంలో నాలుగో వంతుకు రుణ గుర్తు పెట్టినంత కనుక, నాలుగూ కూడితే సున్నా వచ్చింది. ఎక్కడ చూసినా ధనంగానే ఉండే ప్రమేయం కింద వైశాల్యం సున్నా ఎలా అవుతుందో తెలియక, గుణకారాలు మూడుసార్లు సరిచూశాను. అవి తప్పు కావు.

"ఏటమ్మా, దారి గీయకుండానే ధ్రువాలు ఏరేసుకున్నావా?" అన్నారు మాస్టారు.

వాస్తవ అక్షం మీద గీత, దానిపైన పెద్ద అర్ధవృత్తం గీస్తే లోపల పడేవి రెండు ధ్రువాలే, లెక్కలోకి వచ్చేవీ అవే. వ్యాసార్ధం పెరిగేకొద్దీ చాపం పొడవు దానితోపాటే పెరిగినా, ప్రమేయం దాని నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి చాపం వాటా మాయమై, పైని రెండు వర్గమూలంతో భాగించిన విలువ, అంటే సుమారు 2.221 మిగులుతుంది. నా సున్నా కూడా నిజానికి సరైన జవాబే, కాకపోతే నాలుగు ధ్రువాలనూ చుట్టే పూర్తి వృత్తానికి.

తరువాతి లెక్కలో, ఎక్స్ వర్గానికి ఒకటి కలిపిన హారం మీద కొసైన్ ఉంది. కొసైన్‌నే నేరుగా వాడితే నాకు సుమారు 4.85 వచ్చింది. కొసైన్ విలువ ఒకటిని దాటదు, ఒకటే ఉన్నా సమాకలని పై మాత్రమే అవుతుంది, కనుక 3.14 మించే వీలే లేదు. ఊహాత్మక దిశలో కొసైన్ ఘాతీయంగా పెరిగిపోతుంది, చాపం సున్నాకు పోదు. అదే దిశలో తగ్గే ఘాత ప్రమేయాన్ని (ఈ టు ది ఐ ఎక్స్) తీసుకుని వాస్తవ భాగం మాత్రం ఉంచుకుంటే పై బై ఈ, అంటే సుమారు 1.156 వస్తుంది.

పరీక్షలో మాత్రం సైన్ ఎక్స్ బై ఎక్స్ ఇచ్చారు. అక్కడ ఘాత ప్రమేయం రాసేసరికి ధ్రువం దారి మీదే, సున్నా దగ్గరే కూర్చుంటుంది. పెన్సిలుతో దాని మీదుగా చిన్న అర్ధవృత్తం గీసి, ఆ అవశేషంలో సగాన్నే లెక్కలోకి తీసుకుని, ఈసారి ఊహాత్మక భాగం ఉంచుకుంటే జవాబు పై వచ్చింది.