3.5 సీసీ నైట్రో ఇంజను: ఎంపిక నుంచి 8 లీటర్ల దాకా

కారు రిమోట్‌తో నడిపే 1/8 బగ్గీ, అంటే అసలు కారులో ఎనిమిదో వంతు సైజు మట్టి రేసు బండి. తిరిగేది బెంగళూరు శివార్ల మట్టి ట్రాకుల మీద: పొట్టి స్ట్రెయిట్లు, వాటి చివర ఇరుకు మలుపులు, ఎండాకాలంలో పసుపులా మెత్తగా లేచే ఎర్రదుమ్ము. ఈ లాగ్‌లో తేదీలు లేవు, లీటర్లున్నాయి. నైట్రో ఇంజను, అంటే నైట్రోమీథేన్ కలిపిన ఫ్యూయల్‌తో నడిచేది, ఎన్ని నెలలదో చెబితే ఏమీ తెలియదు, ఎంత ఫ్యూయల్ తాగిందో చెబితే తెలుస్తుంది. ఈ క్లాసులో ట్యాంకు 125 సీసీ దాటకూడదు కాబట్టి లీటరంటే 8 ట్యాంకులు.

0 లీటర్లు: ముందు పక్కన పెట్టినవి

రేసు రూలు 3.5 సీసీ. అందరూ పాయింట్ 21 అనేది దీన్నే, 0.21 ఘనపు అంగుళాలు కనక. పాయింట్ 28 ఇంజను, అంటే దాదాపు 4.6 సీసీది, ఖాళీ లేఅవుట్లలో దుమ్ము రేపడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, రేసులో మాత్రం తనిఖీ బల్ల దగ్గరే ఆగిపోతుంది. పాత 1/10 కారులోని పాయింట్ 18ని తీసి ఇందులో కూర్చోబెడదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. 3.2 కిలోలకు తగ్గకూడని బగ్గీని 3 సీసీతో లాగించడమంటే దూడ మెడకు కాడి కట్టడమే. తాడు లాగి స్టార్ట్ చేసే పుల్ స్టార్ట్ ఉన్నవీ వద్దు. తాడు తెగుతుంది, లోపలి వన్‌వే బేరింగు జారుతుంది, వెనక బరువొకటి. కారుని పైన పెట్టి మోటారుతో ఇంజను తిప్పే స్టార్టర్ బాక్సు ఖర్చు ఎలాగూ తప్పదు, ముందే పెట్టేయడం మంచిది.

0 లీటర్లు: మిగిలిన వాటిలో ఏది

డబ్బా మీద రాసిన హార్స్‌పవర్‌ని నమ్ముకోవద్దు. ఆ అంకె 30 వేల పైచిలుకు ఆర్పీఎం దగ్గర వచ్చేది. పొట్టి స్ట్రెయిట్‌లో అక్కడికి చేరేలోపే బ్రేకు వేయాల్సి వస్తుంది.

పైగా బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 10 శాతం పలచన, ఇంజను శక్తి కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. 'అయితే ఇంకా పెద్దది, ఏడు పోర్టులది కొందాం' అనిపిస్తుంది (పోర్టులంటే సిలిండర్‌లోకి ఫ్యూయల్, గాలి వెళ్లే రంధ్రాలు). అక్కడే పొరపాటు. ఏడు పోర్టుల ఇంజను మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు ఒక్క క్షణం నీరసించి, తర్వాత ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. చక్రాలు తిరుగుతాయి, కారు కదలదు. మూడు పోర్టులది కింది నుంచే సాఫీగా లాగుతుంది, ఫ్యూయల్ కూడా తక్కువ తాగుతుంది.

తక్కువ తాగడమంటే ఆదా ఒక్కటే కాదు. 30 నిమిషాల ఫైనల్లో ట్యాంకు 8 నిమిషాలొస్తే మూడుసార్లు పిట్‌కి రావాలి. పదిన్నర నిమిషాలొస్తే రెండుసార్లు చాలు. ఒక్క పిట్ స్టాప్‌లో పోయే సెకన్లను ఏ హార్స్‌పవరూ తిరిగి తెచ్చిపెట్టదు. కార్బురేటర్ నోట్లో పెట్టే రింగు 6.5 మి.మీ.ది కాకుండా 6 మి.మీ.ది పెడితే మైలేజీ ఇంకాస్త పెరుగుతుంది, పై వేగం కొంచెం తగ్గుతుంది. ఇక్కడి ట్రాకులకు 6 చాలు.

తర్వాత చూడాల్సింది విడిభాగాలు. పాయింట్ 21 ఇంజన్లలో ముందు బేరింగు సాధారణంగా 7x19x6 మి.మీ., అంటే బజారులో 607. క్లచ్ బెల్ బేరింగు 5x10x4 అయితే అది ఎమ్ఆర్105. ఈ రెండు నంబర్లూ ఎస్పీ రోడ్డులో బేరింగులమ్మే అంగడిలో చెబితే అర్థమవుతాయి. 607ని ఇంజనులో వేసేముందు లోపలివైపు మూత ఊడదీయాలి, ఇంజను నూనె అటునుంచే అందాలి కనక. చిక్కంతా వెనక బేరింగుతోనే: 14x25.4x6. బయటి కొలత సరిగ్గా ఒక అంగుళం, మామూలు అంగళ్లలో ఉండదు. కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంకుకు కలిపేది), పిస్టన్-స్లీవ్ జత (స్లీవ్ అంటే పిస్టన్ కదిలే గొట్టం), ఈ వెనక బేరింగు మన దేశంలో ఎవరి దగ్గరైనా నిల్వ ఉన్నాయా అని ముందు కనుక్కుని, ఆ తర్వాతే ఇంజను రంగూ రూపూ చూడాలి. సిరామిక్ బేరింగు తుప్పు పట్టదు. చెన్నై తేమలో ఆ ఖర్చుకు అర్థముంది, ఇక్కడ స్టీలుతో నడిపేయొచ్చు.

ఎంపికైంది: మూడు పోర్టులు, 14 మి.మీ. క్రాంకు, స్టీలు బేరింగులు, పుల్ స్టార్ట్ లేనిది.

0 లీటర్లు: సెకండ్ హ్యాండ్ అయితే

గ్లో ప్లగ్ (ఫ్యూయల్‌ని అంటించే వేడి తీగ ఉన్న ప్లగ్) తీసేసి ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పాలి. పిస్టన్ పైకి చేరేచోట గట్టిగా పట్టాలి. పించ్ అంటే ఈ బిగువే. ఇత్తడి స్లీవ్ లోపల పైభాగం కాస్త ఇరుకుగా ఉంటుంది. వేడెక్కాక ఇత్తడి ఎక్కువ వ్యాకోచించి పిస్టన్‌కు సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు కూడా అడ్డం లేకుండా జారిపోతోందంటే అక్కడ కంప్రెషన్ అయిపోయినట్టే. స్లీవ్‌ని నొక్కించి తాత్కాలికంగా బిగువు తెచ్చి అమ్మేవాళ్లూ ఉన్నారు కాబట్టి అంతటితో ఆగొద్దు. పిస్టన్‌ని కిందికి దించి ఎగ్జాస్ట్ రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. స్లీవ్ గోడ మీద నిలువు గీతలుంటే దుమ్ము తిన్న ఇంజను. వెనక మూత విప్పి రాడ్‌ని పైకీ కిందికీ ఆడించండి. టిక్కుమని చప్పుడొస్తే రాడ్ మార్చాలి, ధరలోంచి ఆ డబ్బు తగ్గించమనాలి.

ఫ్యూయల్

25 శాతం నైట్రోమీథేన్, 12 శాతం నూనె, మిగతాది మిథనాల్. కొత్తవాళ్లు నూనె 10 శాతం కన్నా తగ్గించకూడదు. ఐరోపా చట్టం 2021 ఫిబ్రవరి నుంచి 16 శాతానికి మించిన నైట్రోమీథేన్‌ని మామూలు జనానికి అమ్మనివ్వదు. కాబట్టి అక్కడి నుంచి వచ్చే ఇంజనుకు హెడ్ కింద ఎంత మందం షిమ్ (పలచని లోహపు రింగు) ఉందో కొలవాలి. నైట్రో శాతం పెరిగితే షిమ్ కూడా 0.1 మి.మీ. పెరగాల్సి రావచ్చు, లేకపోతే ప్లగ్గులు వరసగా కాలిపోతాయి. మిథనాల్ మంట పగటి వెలుతురులో కనబడదు. విషం కూడా. నోటితో ట్యూబు పీల్చే అలవాటుంటే ఈ రోజే మానేయాలి.

0 నుంచి 1 లీటరు: బ్రేక్-ఇన్

బ్రేక్-ఇన్ అంటే కొత్త ఇంజను భాగాలు ఒకదానికొకటి సర్దుకునేలా నెమ్మదిగా నడపడం. ప్రతిసారీ స్టార్ట్ చేసేముందు హీట్ గన్‌తో హెడ్‌ని 80 డిగ్రీల దాకా వేడి చేయాలి. చల్లని ఇంజనుని బలవంతంగా తిప్పితే బిగువు దగ్గర రాడ్ మీద పడే దెబ్బ మామూలుది కాదు. మొదటి రెండు ట్యాంకులు స్టార్టర్ బాక్సు మీదే, ఐడిల్‌లో. డిసెంబరు ఉదయాల్లో హెడ్ 90 దాటదు, చుట్టూ అల్యూమినియం రేకు కప్పితే 95-100 దగ్గర నిలబడుతుంది. 'వేడెక్కితే పాడవుతుంది' అని ఫ్యూయల్ ధారగా పోసి 70 డిగ్రీల్లో నడిపిస్తే జరిగేది ఉల్టా: స్లీవ్ విచ్చుకోదు, బిగువు అరిగిపోతుంది.

మూడో ట్యాంకు నుంచి ట్రాకు మీద, సగం థ్రాటిల్‌తో, పొగ ధారాళంగా వచ్చేలా. ఒక్కో ట్యాంకుకు హై నీడిల్‌ని, అంటే పై వేగంలో ఎంత ఫ్యూయల్ వెళ్లాలో నిర్ణయించే కార్బురేటర్ స్క్రూని, గడియారంలో ఒక గంటంత, అంటే 1/12 చుట్టు, బిగించాలి. ఆపిన ప్రతిసారీ పిస్టన్ కింద ఉండాలి. ఫ్లైవీల్ మీద ఆ చోటుని మార్కర్‌తో గుర్తు పెట్టుకుంటే వెతుకులాట ఉండదు.

1.5 లీటర్లు: ట్యూనింగ్

ముందు హై నీడిల్, తర్వాతే తక్కువ వేగాల్లో ఫ్యూయల్ చూసుకునే లో నీడిల్. స్ట్రెయిట్ చివర ఇంజను శుభ్రంగా పలకాలి, సన్నటి పొగ కనబడాలి, ప్లగ్ దగ్గర ఉష్ణోగ్రత 105-120 మధ్య ఉండాలి. పొగ మాయమైందంటే ఉష్ణోగ్రత ఎంతున్నా నీడిల్ వెనక్కి తిప్పాల్సిందే. లో నీడిల్‌కి పరీక్ష: ఐడిల్‌లో ఫ్యూయల్ ట్యూబుని కార్బురేటర్ దగ్గర వేళ్లతో నొక్కాలి. శబ్దం కొంచెం పెరిగి 2-4 సెకన్లలో ఆగితే సరిగ్గా ఉంది. వెంటనే చచ్చిపోతే లీన్, అంటే గాలితో పోలిస్తే ఫ్యూయల్ తక్కువ. ఇంకా సాగదీస్తే రిచ్, అంటే ఫ్యూయల్ ఎక్కువ.

మధ్యాహ్నం 32 డిగ్రీల్లో కుదిరిన ట్యూనింగ్ సాయంత్రం 22కి దిగగానే లీన్ అవుతుంది, చల్లగాలి చిక్కన కాబట్టి. ఆఖరి రేసుకు ముందు ఒక గంటంత వదులు చేయడం అలవాటుగా పెట్టుకోవాలి. చెన్నై వెళ్లినా ఇదే లెక్క, ఇంకాస్త ఎక్కువ మోతాదులో. ఇక్కడి నీడిల్‌తో అక్కడ నేరుగా రేసులోకి దిగితే మొదటి ట్యాంకులోనే ప్లగ్ పోతుంది, అదృష్టం బాగోలేకపోతే పిస్టన్ కూడా. ప్లగ్ ఓ.ఎస్. టర్బో వరసలోనిదైతే పి3 వేడిది, అంకె పెరిగేకొద్దీ చల్లనిది. ఇక్కడ పి3తోనే ఐడిల్ నిలకడగా ఉంది.

3 లీటర్లు: ఐడిల్ తప్పింది

స్ట్రెయిట్ తర్వాత బ్రేకు వేస్తే శబ్దం వెంటనే దిగడం లేదు, రెండు మూడు సెకన్లు అరుస్తూనే ఉంది. నీడిల్ తిప్పితే ఒక ట్యాంకు బాగుంటుంది, రెండోది మళ్లీ మొదటికే. ఇలా ఉంటే నీడిళ్లను వదిలేసి గాలి లీకు వెతకాలి. ఇంజను బయటికి తీసి, ఎగ్జాస్ట్‌నీ కార్బురేటర్ నోటినీ రబ్బరుతో మూసి, ఫ్యూయల్ నిపుల్ నుంచి సిరంజితో గాలి నెట్టి, పైన సబ్బునీళ్లు పూయాలి. ముందు బేరింగు దగ్గర నెమ్మదిగా నాలుగు బుడగలు రావడం మామూలే. ఇక్కడ కార్బురేటర్ మెడ దగ్గర నురగ పొంగింది. ఓ-రింగు మార్చి, చుట్టూ వేడికి ఆగే సిలికాన్ పలచగా రాసి, ఒక రాత్రి ఆరనిచ్చాక ఐడిల్ కుదుటపడింది.

5 లీటర్లు: ఎర్రమట్టి

ఇక్కడ ఇంజన్లు అరిగి చావడం తక్కువ, దుమ్ము తిని చావడం ఎక్కువ. రెండు పొరల ఫోమ్ ఫిల్టరు వాడాలి. కిరోసిన్‌లో కడిగి, సబ్బునీళ్లతో మళ్లీ కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో ఫోమ్ వేసి, ఫిల్టర్ ఆయిల్ పోసి, చపాతీ పిండిలా పిసికితే నూనె లోపలి దాకా సమంగా పడుతుంది. రబ్బరు మెడ లోపల కొంచెం గ్రీజు రాసి, జిప్ టై బిగించాలి. ప్రతి గంట నడకకీ కొత్త ఫోమ్.

పని చేసిందో లేదో చెప్పేది ఇయర్‌బడ్. ఫిల్టరు తీసి కార్బురేటర్ గొంతులో ఒక్కసారి తిప్పి చూడండి. తెల్లగా, కాస్త జిడ్డుగా వస్తే సరే. కొస మీద లేత ఎరుపు కనబడితే ఆ రోజు ఇంజను స్టార్ట్ చేయకూడదు, 'ఒక్క హీటే (ఫైనల్‌కి ముందు జరిగే చిన్న రేసు) కదా' అన్నా సరే. ఆ ఎరుపు స్లీవ్ క్రోము మీద ఉప్పు కాగితంలా పనిచేస్తుంది.

8 లీటర్లు: రాడ్, బేరింగులు

ఆట అయిపోయిన ప్రతి సాయంత్రం ట్యాంకు ఖాళీ చేసి, ట్యూబులో మిగిలింది కాలిపోయేదాకా నడిపి, ఆఫ్టర్ రన్ ఆయిల్ నాలుగైదు చుక్కలు వేసి తిప్పడం తప్పలేదు. మిథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, వదిలేస్తే వెనక బేరింగు వారంలో గరగరమంటుంది. అయినా 8 లీటర్లకి రాడ్ కింది బుష్‌లో ఆట మొదలైంది. రాడ్ విరిగితే స్లీవ్, పిస్టన్, క్రాంక్‌కేసు మూడూ పోతాయి కాబట్టి ఇంకో రేసు చూద్దామనే బేరం పెట్టలేదు.

బేరింగుల కోసం కార్బురేటర్, ఓ-రింగులు, క్రాంకు అన్నీ తీసేసి కేసుని పాత ఓవెన్‌లో 150 డిగ్రీలకు వేడి చేయాలి, వంటింట్లోది వద్దు. మందపాటి గ్లవ్స్ వేసుకుని కేసుని చెక్క మీద తడితే వెనక బేరింగు దానంతటదే జారిపడుతుంది. సుత్తి వాడితే గాడి వంకరపోతుంది. కొత్తవి అదే వేడిలో కూర్చోబెట్టాలి. కొత్త రాడ్‌తో మూడు ట్యాంకులు మళ్లీ రిచ్‌గా, సగం థ్రాటిల్‌తో. మూడో ట్యాంకు చివర హెడ్ 104, ఐడిల్ నిలకడ, ట్యూబు నొక్కితే మూడు సెకన్లకు ఆగింది.