మా అక్క పిల్లల స్పాన్సర్‌షిప్ డబ్బుల కోసం తిరిగిన సంగతి - నా అనుభవం

మా అక్క 2022 చివర్ల క్యాన్సర్‌తోని పోయింది. బావ అంతకు మూడేండ్ల ముందే పోయిండు. పిల్లలిద్దరు, పెద్దదానికి అప్పుడు తొమ్మిదేండ్లు, చిన్నోడికి ఆరు. దినాలు అయినంక మా ఇంటికే వచ్చిన్రు, కూసొని మాట్లాడుకున్నది ఏం లేదు, అమ్మ వాళ్ల బట్టల సంచి చేత పట్టుకొని ఆటో ఎక్కింది అంతే. బాగ్ అంబర్‌పేటల రెండు గదుల కిరాయి ఇల్లు, ఉండేది నేను, అమ్మ. ఇంట్లనే బ్లౌజులు కుడత, చీరలకు ఫాల్స్ వేస్త. నెలకు ఏడు వేలు వస్తే ఆ నెల మంచిగ గడిచినట్టు.

చుట్టాలందరిది ఒకటే మాట, హోంల వెయ్యుండ్రి, తిండి చదువు గవర్నమెంటే చూస్కుంటది అని. వాళ్లను నేను తప్పు పట్ట, మా పరిస్థితి చూసే అన్నరు. కానీ చిన్నోడు రాత్రిపూట మా అమ్మ కొంగు పిడికిట్ల పట్టుకొని పండుకుంటుండె, నిద్రల గూడ ఇడిచేటోడు కాదు, ఆ పిల్లగాన్ని ఎట్ల పంపాలె.

మా గల్లీల అంగన్‌వాడీ టీచర్ బ్లౌజ్ ఇయ్యనీకి వచ్చి మాటల మాటల చెప్పింది, మిషన్ వాత్సల్య అని గవర్నమెంట్ స్కీం ఉంది, తల్లిదండ్రులు లేని పిల్లలు చుట్టాల దగ్గర ఉంటే ఒక్కొక్కరికి నెలకు 4 వేలు ఇస్తరు, 18 ఏండ్లు నిండే దాక వస్తది అని. అంతకుముందు 2 వేలు ఉండెనట, 2022ల కొత్త రూల్స్ వచ్చినంక 4 వేలు అయింది. నేను ఫాస్టర్ కేర్ కావాలని దరఖాస్తు రాస్కొని జిల్లా పిల్లల సంరక్షణ ఆఫీసుకు పోయిన. అక్కడి మేడం చదివి, చిన్నమ్మ అమ్మమ్మ దగ్గర ఉంటే దాన్ని ఫాస్టర్ కేర్ అనరమ్మా, అది బయటి కుటుంబం పిల్లను తీస్కపోయి చూస్కునేది, అది 2015 జువెనైల్ జస్టిస్ చట్టంల సెక్షన్ 44, మీది సెక్షన్ 45, స్పాన్సర్‌షిప్ అని చెప్పింది. ఆమె పక్కన కూసోబెట్టుకొని మళ్ల రాపిచ్చింది, ఆమెకు ఇప్పటికీ దండం పెడత. పేరు తప్పు రాస్తే ఫైలు అటు ఇటు తిరుగుతది కాబట్టి ఈ తేడా తెలుసుకొని పోవుడు మంచిది.

కాయితాలు మస్తు అడుగుతరు. అక్కది బావది డెత్ సర్టిఫికెట్లు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఆధార్, రేషన్ కార్డు, స్కూల్ బోనఫైడ్, మీసేవల ఇన్‌కమ్ సర్టిఫికెట్, పిల్లల పేరు మీద బ్యాంకు ఖాతా. బావ డెత్ సర్టిఫికెట్ల ఇంటిపేరు ఒక తీరు, ఆధార్ల ఇంకో తీరు ఉండె, దాని ఒక్కదానికే నెలన్నర పోయింది. ఇన్‌కమ్ సంగతి గూడ చెప్పాలె, పట్నంల ఏడాదికి 96 వేలు దాటొద్దు, ఊర్ల అయితే 72 వేలు. 96 వేలంటే నెలకు 8 వేలు. హైదరాబాద్‌ల అపార్టుమెంట్ వాచ్‌మెన్ జీతమే అది దాటుతది. నాకంటే కొంచెం ఎక్కువ సంపాయించే మా పక్క సందు ఆమె తన తమ్ముని పిల్లను సాకుతున్నది, ఆమెకు రాలే. ఇది నాకు ఇప్పటికీ సహించదు.

తర్వాత ఇల్లు చూడనీకి వచ్చిన్రు. పెద్దదాన్ని అడిగిన్రు, ఏడ కూసొని చదువుకుంటవ్ బిడ్డా అని. అది నా కుట్టు మిషన్ దగ్గరికి పోయి, మిషన్‌ను లోపలికి మడిచి, పైన పలక మూసి, చేత్తోని దారం ముక్కలు తుడిచి, తన లెక్కల నోట్‌బుక్కు దాని మీద పెట్టి చూపిచ్చింది. ఎనిమిదింటికి చిన్నమ్మ మిషన్ బంద్ చేస్తది, గప్పటి నుంచి ఇది నా టేబుల్ అన్నది. వచ్చినామె అదంతా రాసుకున్నది. పిల్లల్ని సీడబ్ల్యూసీ, అంటే పిల్లల సంక్షేమ కమిటీ ముందట గూడ చూపిచ్చినం, ఆ తర్వాత కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ ఓకే చేసింది. 2023 ఎండాకాలం అయినంక మొదటి డబ్బులు పడ్డయి, ఇద్దరికి కలిపి 8 వేలు. ఆ రోజు ఇద్దరికీ స్కూల్ షూస్ కొన్న, చిన్నోడికి ఒక సైజు పెద్దయి, ఇంకో ఏడాది వస్తయని.

నాలుగు నెలలు పడ్డయి. తర్వాత ఆగినయి. ఒక నెల చూసినం, రెండు నెలలు చూసినం, మూడో నెల పోయి అడిగితే ఒక ఆఫీసుల బడ్జెట్ రాలేదమ్మా అన్నరు, వాళ్లు చెప్పిన ఇంకో ఆఫీసుకు పోతే పైనుంచి రావాలె అన్నరు. ఎవ్వరు కసురుకోలే, కానీ ఎప్పుడు వస్తదో గూడ ఎవ్వరు చెప్పలే. ఇట్ల ఏడు నెలలు. స్కూల్ల ఫీజు బాకీ, కిరాణంల బాకీ, అమ్మ తన బీపీ గోళీలు రోజు ఇడిచి రోజు ఏస్కునుడు మొదలుపెట్టింది, నాకు చెప్పకుంట.

ఆ ఆఫీసు బెంచీ మీద కూసొని ఉన్నప్పుడే పక్కన ఒక ముసలమ్మ, ముషీరాబాద్ నుంచి వచ్చింది, ముగ్గురు మనవరాండ్లట, ఆమెకు గూడ ఏడు నెలలే. ఆమె పక్కన చాంద్రాయణగుట్ట నుంచి ఒకాయన, అన్న కొడుకును సాకుతున్నడు. అప్పుడు అర్థమైంది నాకు, ఇది నా ఒక్క ఫైల్ సంగతి కాదని. సంచిల నా కొలతల బుక్కు ఉండె, భుజం, చాతి, చెయ్యి పొడుగు రాసే బుక్కు, దాని వెనక పేజీల గీతలు కొట్టి పిల్ల పేరు, ఏండ్లు, ఎవరి దగ్గర ఉంటున్నది, ఎన్ని నెలలు ఆగింది అని రాసుడు షురూ చేసిన. ఆ రోజు ఐదుగురు పిల్లలు. నెల తిరిగేసరికి 31.

పురానీ హవేలీల సిటీ సివిల్ కోర్టు దగ్గర ఉచిత న్యాయ సహాయం ఇస్తరని తెలిసి పోయినం. ఆడోళ్లకు, పిల్లలకు ఆదాయంతోని సంబంధం లేకుంట వకీలును ఇయ్యాలని 1987 లీగల్ సర్వీసెస్ చట్టమే చెప్తున్నది, ఫోన్ చెయ్యాలంటే 15100. మాకు దొరికిన వకీలు మేడం రెండు పనులు చెప్పింది. ఒకటి ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు, 10 రూపాయలు ఫీజు, 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. ఎందుకు ఆపిన్రు అని అడగొద్దు, చివరిసారి ఫండ్ ఏ తారీఖున వచ్చింది, ఎంతమంది పిల్లలకు మంజూరు ఉంది, ఎన్ని నెలలది పెండింగ్ అని అడుగు అన్నది. రెండోది అర్జీ. అందుల డబ్బులు ఇప్పియ్యుండ్రి అని బతిమాలుడు కాకుంట లెక్క రాపిచ్చింది. ఈ స్కీంల కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40 శాతం. హోంల ఉన్న ఒక్కో పిల్లకు మెయింటెనెన్స్ గ్రాంటే నెలకు 3 వేలు, జీతాలు బిల్డింగ్ ఖర్చు వేరే. ఇంట్ల పెరిగే పిల్లకు మొత్తం కలిపి 4 వేలు. పిల్లల్ని హోంల పెట్టుడు ఆఖరి మార్గం కావాలని ఆ 2015 చట్టం సెక్షన్ 3లనే ఉంది. మరి ఈ 4 వేలు టైంకి రాకపోతే మాలాంటోళ్లు ఆఖరికి పిల్లల్ని తీస్కపోయి హోంలనే ఇడుస్తరు గదా.

ఆర్టీఐ జవాబు 30 రోజులు దాటినంక వచ్చింది, ఒక్కటే పేజీ, పనికొచ్చే ముక్క గూడ ఒక్కటే, రిలీజ్ ఆర్డర్ ఇంకా రాలేదని. కానీ సంతకం, తారీఖు ఉన్న కాయితం అది. దాన్ని జిరాక్స్ తీసి అర్జీకి పెట్టినం. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిల ఇచ్చినం, శుక్రవారం బేగంపేట ప్రజాభవన్‌కు పోయినం, పొద్దుగాల్నే పోయి లైన్ల నిలవడ్డం 11 మందిమి. రాష్ట్ర బడ్జెట్ ముందట ఇయ్యాలని వకీలు మేడమే చెప్పింది, కాబట్టి మా ఎమ్మెల్యే ఆఫీసుల గూడ ఒక కాపీ ఇచ్చి, అందిందని స్టాంపు ఏపిచ్చుకున్నం. ముషీరాబాద్ అమ్మ ప్రజాభవన్ల అధికారి ముందట ఒక్కటే మాట అన్నది, "సారూ, పిల్లలు నెలనెలా తింటరు గదా, పైసలు గూడ నెలనెలా రావాలె." మేము రెండు పేజీలు రాసింది ఆమె ఒక్క ముక్కల చెప్పింది. ఆయన పెన్ను పక్కన పెట్టి ఆమె మనవరాండ్ల పేర్లు అడిగిండు.

రెండు నెలలకు ఐదు నెలల బాకీ ఒక్కసారి పడ్డది, ఇద్దరికి కలిపి 40 వేలు. బ్యాంకు మెసేజ్ వచ్చినప్పుడు నేను మిషన్ మీద ఉన్న, కాలు ఆగిపోయింది. స్కూల్ బాకీ కట్టిన, అమ్మ గోళీలు మూడు నెలలకు సరిపడ తెచ్చిన.

మిగిలిన రెండు నెలలది ఇంకా రాలే. బుక్కుల 31 మందిల ఆరుగురికి అసలే పడలే, వాళ్లయి బ్యాంకుల ఆధార్ లింక్ కాలేదని తేలింది, ఒక్కొక్కరిని తీస్కపోయి చేపిస్తున్న. 96 వేల లిమిట్ పెంచాలని ఇంకో అర్జీ మేడం రాస్తున్నది, పక్క సందు ఆమె పేరు దాంట్ల మొదట పెట్టమన్న. మీ దగ్గర గూడ ఇట్లాంటి పిల్లలు ఉంటే మంజూరు ఆర్డర్ కాపీ కచ్చితంగ అడిగి తీస్కోండ్రి, మా వాళ్లల్ల తొమ్మిది మందికి అది ఇయ్యనే లేదు, అది లేకుంటే ఏ కౌంటర్ల గూడ మాట మొదలు గాదు. ఏడికి పోవాలో తెల్వకుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చెయ్యుండ్రి.