పాల సొర బొడ్డు

"పాల సొర అమ్మా, బాలింతకు మంచిది" అంటూ రామ్‌నగర్ చేపల మార్కెట్‌లో ఒకామె మూరెడు సొర (షార్క్) చేపను నా చేతిలో పెట్టింది. చెల్లెలి కోసమే వెళ్లాను.

తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా ఉంది, తోక నుంచి తల వైపు నిమిరితే ఉప్పుకాగితంలా గరుకు. తిప్పి చూశాను. ముందు రెక్కల మధ్య ఇంకా పూర్తిగా మానని చిన్న గాటు.

బొడ్డు! పాల సొర గుడ్లు పెట్టదు. దాదాపు ఏడాది కడుపులో మోసి, బొడ్డుతాడుతో పోషించి పిల్లలను కంటుంది. 1975 నాటి 'జాస్' సినిమా చూసినప్పటి నుంచి నాకు సొర అంటే పళ్లే. ఆ కథ రాసిన పీటర్ బెంచ్లీ కూడా తరువాత సొరల రక్షణకే పాటుపడ్డాడు.

చేపను బల్ల మీద పెట్టేశాను. మా చెల్లెలి పాపకు బొడ్డు ఊడింది మొన్ననే.