నల్లరేగడికి రేటింగు లేదు: ఆల్ టెర్రెయిన్ టైర్లు కొనేముందు

తారు రోడ్డుకూ మట్టి బాటకూ పనికొచ్చేలా చేసిన ఆల్ టెర్రెయిన్ టైర్లు వేయించాలని అడిగే మిత్రులతో నేను కంపెనీల గురించి మాట్లాడే ముందు, బండి ఎక్కువగా ఏ నేల మీద తిరుగుతుందో చెప్పమంటాను. జనగామ వైపు ఎర్ర చెల్కల్లో, మొరం బాటల మీద, కంకర తేలిన తండా రోడ్ల మీద ఈ టైర్లు బాగా పనికొస్తాయి. అక్కడ నీరు త్వరగా ఇంకిపోతుంది, రాయి అంచులకు మామూలు టైరు కన్నా మందంగా ఉన్న ట్రెడ్, అంటే నేలను తాకే రబ్బరు పొర, ఓర్చుకుంటుంది. ఆదిలాబాద్ పత్తి చేలలోని నల్లరేగడి మాత్రం వేరు. వాన పడ్డాక చక్రం కొన్ని చుట్లు తిరిగేసరికి ట్రెడ్ సందులన్నీ మట్టితో పూడి, టైరు నున్నటి బంకముద్ద అవుతుంది. మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య మట్టి ఇరుక్కుని, దాన్ని కర్రతో గీకి తీస్తే తప్ప బండి కదలదు. సందులు ఇంకా వెడల్పుగా ఉండే మడ్ టెర్రెయిన్ టైర్లు కూడా చక్రం వేగంగా తిరుగుతున్నప్పుడే ఆ మట్టిని విసరగలవు. తడిసిన నల్లరేగడిలోకి బండిని దించకపోవడమే మేలని నా అభిప్రాయం.

మనలో చాలామంది బండ్లు తిరిగేది తారు రోడ్ల మీదే. హనుమకొండ నుంచి ములుగు మీదుగా ఏటూరునాగారం వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారినే తీసుకుంటే, నాట్ల కాలంలో పొలం దున్ని రోడ్డెక్కిన ట్రాక్టర్ల నుంచి రాలిన బురద, దాని మీద సన్నటి తుంపర, ఎదురుగా ఆర్టీసీ బస్సు. అలాంటప్పుడు తడి తారు మీద టైరు ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నదే ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. ట్రెడ్ గుబ్బల మధ్య సందులు పెద్దవయ్యేకొద్దీ నేలను తాకే రబ్బరు తగ్గుతుంది కాబట్టి, మడ్ టెర్రెయిన్ టైర్లను మోజుకొద్దీ వేయించుకోవడం నాకు నచ్చదు. వాటి హోరు, తగ్గే మైలేజీ సరేసరి.

సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ మీద ముందుగా చూడవలసింది కొలత. బొలెరోకు వచ్చే 215/75 ఆర్ 15 టైరులో 215 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు, 75 అనేది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు శాతం, ఆర్ అంటే రేడియల్, 15 అనేది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. పక్కన 100 ఎస్ అని ఉంటే, సరైన గాలితో ఒక్కో టైరు 800 కిలోల బరువు మోయగలదనీ, గంటకు 180 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందనీ అర్థం. మన రోడ్ల మీద ఆ వేగం ఎలాగూ అందదు గనుక, బండి పుస్తకంలో చెప్పినదానికి తగ్గకుండా చూసుకుంటే ఆ అక్షరం గురించి అంతకన్నా ఆలోచించనక్కరలేదు. బరువు అంకె మాత్రం ముఖ్యం. మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ ఎక్కి, సామానుతో పాటు మొక్కు తీర్చుకునే నిలువెత్తు బెల్లం కూడా వేసుకుని బయలుదేరే ఊళ్లు మనవి.

కొలత పెంచుకుంటే బండి ఠీవిగా కనిపిస్తుందన్నది నిజమే, కానీ లెక్క కూడా చూడాలి. 215/75 ఆర్ 15 టైరు ఎత్తు సుమారు 703 మి.మీ. ఉంటే, 235/75 ఆర్ 15 ఎత్తు సుమారు 733 మి.మీ. అవుతుంది. అంటే స్పీడోమీటరు 80 చూపిస్తున్నప్పుడు బండి 83కు పైగా పోతున్నట్టు; పికప్ మందగిస్తుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల రాసుకునే అవకాశమూ ఉంటుంది.

ఇక ట్రెడ్‌వేర్ (అరుగుదల), ట్రాక్షన్ (తడి మీద పట్టు), టెంపరేచర్ (వేడిని తట్టుకోవడం) అనే మూడు రేటింగులు అమెరికా ప్రభుత్వ పద్ధతి ప్రకారం వచ్చేవి. మన దేశంలో తప్పనిసరైన ఐఎస్‌ఐ గుర్తుకూ వీటికీ సంబంధం లేదు. ట్రెడ్‌వేర్ 400 అంటే, టెక్సస్‌లో నిర్ణీత దారి మీద 7,200 మైళ్లు, అంటే దాదాపు 11,600 కిలోమీటర్లు నడిపి చూసిన అరుగుదలను బట్టి, 100 అంకె ఇచ్చిన ప్రమాణ టైరుకన్నా నాలుగు రెట్లు మన్నుతుందని అంచనా. ఆ అంకెను తుదకు ఇచ్చేది తయారీదారే కాబట్టి, ఒకే కంపెనీ టైర్లను పోల్చడానికి పనికొచ్చినంతగా రెండు కంపెనీల మధ్య పనికిరాదు. ట్రాక్షన్ ఏఏ నుంచి సీ దాకా ఉంటుంది; తడి తారు, తడి కాంక్రీటు మీద తిన్నగా వెళ్తూ బ్రేకు వేసిన పరీక్షే అది. మలుపుల్లో పట్టు గురించి గానీ, నిలిచిన నీటిలో తేలిపోవడం గురించి గానీ, బురద గురించి గానీ అది ఏమీ చెప్పదు. టెంపరేచర్‌లో ఏ, బీ, సీ అనే మూడు మెట్లుంటాయి. కనీస మెట్టయిన సీ కూడా మన వేగాలకు చాలినదే. అయితే ఈ రేటింగు గాలి సరిగా ఉండి, బరువు మించని టైరుకే వర్తిస్తుంది. మే నెలలో రామగుండం ఎండలో, గాలి తగ్గిన టైరుతో, నిండా జనంతో పరిగెత్తే బండికి ఏ రేటింగూ పూచీపడదు.

సైజుకు ముందు ఎల్‌టీ అని ఉన్న గట్టి సైడ్‌వాల్ టైర్ల మీద ఈ మూడూ కనిపించకపోతే అనుమానించనక్కరలేదు. అవి తేలికపాటి ట్రక్కుల కోవలోకి వస్తాయి కాబట్టి ఆ రేటింగులు వాటికి వర్తించవు. గ్రానైట్ క్వారీల వైపు పనిమీద తిరిగేవారికి ఆ గట్టిదనం అక్కరకొస్తుంది గానీ, అదే బరువు మోయడానికి వాటికి ఎక్కువ గాలి కావాలి, కుదుపులూ ఎక్కువే. బురదనూ మంచునూ సూచించే ఎం ప్లస్ ఎస్ గుర్తును కూడా చాలామంది నమ్ముతారు. ట్రెడ్ ఆకృతిని బట్టి తయారీదారు వేసుకునేదే తప్ప, దాని వెనుక బురదలో చేసిన పరీక్ష ఏదీ లేదు. కొండ బొమ్మలో మంచుపువ్వు ఉన్న గుర్తు వెనుక పరీక్ష ఉంది, కానీ అది మంచు మీద చేసింది.

షాపులో బిల్లు రాయించే ముందు సైడ్‌వాల్ మీద నాలుగంకెల తేదీ చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని. తేదీ ఒక వైపే ఉంటుంది కాబట్టి, బిగించాక వెతకడం కన్నా కింద పడుకోబెట్టి ఉన్నప్పుడే రెండు వైపులా తిప్పి చూడటం తేలిక. నాలుగు టైర్లూ ఒకే రకం తీసుకోండి, స్టెప్నీ కూడా అదే కొలతలో ఉండేలా చూసుకోండి, అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి. గాలి మాత్రం షాపువాళ్లు అలవాటుగా కొట్టే లెక్కకు వదిలేయకుండా, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్నంత పట్టించండి. ఎల్‌టీ టైర్లయితే దానికన్నా ఎంత పెంచాలో టైరు కంపెనీ బరువు పట్టిక చూసి నిర్ణయించండి.